వంటయింటికి తగిన పొయ్యి: మూడు రాళ్ళ నుండి అయస్కాంత క్షేత్రము వరకు

తెలుగునాట పాత పెంకుటిండ్లలో తక్కిన గదులకు ఏటేట సున్నము పడినను, వంటయింటి దూలములు మాత్రము నల్లగానే ఉండెడివి. కట్టెలపొయ్యి ముందు కూర్చుండి, ఊదుగొట్టముతో నిప్పు రాజవేయుచు, పైటచెంగుతో కండ్లు తుడుచుకొను ఇల్లాలికి ఆ నలుపు అలవాటైపోయినది. పొయ్యి ఉన్నచోట పొగ ఉండక మానదని ఇంటివారందరును సరిపెట్టుకొనిరి.

కాని రసాయనశాస్త్ర దృష్టితో చూచినచో ఆ మసి అంతయు కాలకుండ మిగిలిపోయిన కట్టెయే. కొనితెచ్చిన వంటచెరకులో కొంత అన్నమును ఉడికించినది. కొంత ఊరక గాలిని వేడి చేసినది. కొంత పూర్తిగా కాలక, పొగయై, దూలములకును గిన్నెల అడుగులకును వండువారి ఊపిరితిత్తులకును అంటుకొన్నది.

కావున ఒక పొయ్యి మంచిదా కాదా యని తేల్చుటకు మూడు లెక్కలు వేయవలసి యున్నది. ఇంధనములోని వేడిలో గిన్నెకు చేరుచున్నది ఎంత? పొగ ఎక్కడికి పోవుచున్నది? ఆ పొయ్యిని దినదినము నడుపుకొనుటకును, చెడినపుడు బాగుచేసికొనుటకును ఆ ఇంటికి వీలున్నదా? మొదటి లెక్కను శాస్త్రజ్ఞులు రెండు వందల సంవత్సరములకు పూర్వమే వేసిరి. రెండవదానిని ఆలస్యముగా వేసిరి. మూడవదానిని పలుమారులు మరచిరి. పొయ్యి చరిత్ర అంతయు ఈ మూడు లెక్కల చరిత్రయే.

మూడు రాళ్ళలోని తెలివి

దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ అను గుహలో సుమారు పది లక్షల సంవత్సరముల నాటి బూడిద ఆనవాళ్ళు కనబడినట్లు 2012లో పరిశోధకులు ప్రకటించిరి. నిప్పుతో మానవుని స్నేహము అంత పురాతనమైనది. ఆ నిప్పుపై కుండ నిలుపుట నేర్చిన తరువాత పుట్టినది మూడు రాళ్ళ పొయ్యి. నేటికిని పొలములలోను, తీర్థయాత్రలలోను, పెండ్లి పందిళ్ళ వెనుకను దానిని చూడవచ్చును.

రాళ్ళు మూడే ఎందుకు? రేఖాగణితము చదివిన విద్యార్థి సులభముగా చెప్పగలడు. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువుల గుండ ఒకే ఒక సమతలము పోవును. కావున నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నను మూడు రాళ్ళపై పెట్టిన కుండ కదలదు. నాలుగు రాళ్ళు పెట్టినచో ఏదో ఒకటి పొట్టిదై కుండ ఊగును. పైగా ఈ పొయ్యికి ఖర్చు లేదు. చితుకులు, కంది కట్టె, పిడకలు, తాటి మట్టలు, ఏవి దొరికిన అవి అందులో కాలును. రాళ్ళను దగ్గరకు, దూరమునకు జరిపి చిన్న గిన్నెనైనను పెద్ద గుండిగనైనను నిలుపవచ్చును. మూడవ లెక్కలో దీనికి నూటికి నూరు మార్కులు వచ్చును.

మొదటి రెండు లెక్కలలోనే అది తప్పును. కట్టె వేడెక్కినపుడు దాని బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా మండెడి వాయువులుగను ఆవిరులుగను మారి వెలువడును. ఆ వాయువులు పూర్తిగా కాలుటకు మూడు వస్తువులు కావలెను: అధికమైన ఉష్ణోగ్రత, చాలినంత ఆమ్లజని, అనగా ఆక్సిజన్, కొంత వ్యవధి. బయట మండు నిప్పుకు గాలి కొరత లేదు గాని, ఆ గాలియే మంటను చల్లార్చును. కుండ యొక్క చల్లని అడుగు తగిలి వాయువులు కాలకముందే మసిగా మారును. మంట నలువైపుల చెదరిపోవుటచే వేడి ఎక్కువభాగము కుండను తాకదు. ఇట్టి పొయ్యిలో కట్టెలోని వేడియందు నూటికి పది పదునైదు వంతులు మాత్రమే గిన్నెకు చేరును.

ఇంటి ఇల్లాండ్రు ఈ లోపమును ఎరుగకపోలేదు. రాళ్ళ చుట్టును మట్టి మెత్తి మూడు వైపుల మూసిన పొయ్యిని వేసిరి. పక్కకు దారి చేసి కొడిపొయ్యి నమర్చి, వృథాగా పోవు సెగపై పప్పును ఉడికించిరి. పాలు కాగుటకు పిడకలు పేర్చిన దాలి, చిన్న వంటలకు బొగ్గుల కుంపటి, వడ్లమిల్లు దగ్గరి వారికి ఊకపొయ్యి, కోతమిల్లు దగ్గరి వారికి పొట్టుపొయ్యి ఏర్పడినవి. ఏ వంటకు ఏ నిప్పు తగినదో తెలిసి ఎన్నుకొనుట తెలుగు వంటయింట క్రొత్త విద్య కాదు. కాని పొగ మాత్రము గదిలోనే ఉండెను. కుంపటిలో కంటికి కనబడు పొగ లేకున్నను, బొగ్గు కాలునపుడు రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు వెలువడును. తలుపులు మూసిన గదిలో అది ప్రాణము తీయగలదు. పొగ కనబడనంత మాత్రమున పొయ్యి నిరపాయకరమని అనుకొనరాదు.

రంఫర్డు వేసిన మొదటి లెక్క

పొయ్యిని భౌతికశాస్త్రమునకు సంబంధించిన యంత్రముగా పరిశీలించిన తొలివారిలో ముఖ్యుడు బెంజమిన్ థామ్సన్. ఇతడు 1753లో అమెరికాలో జన్మించి, జర్మనీలోని బవేరియా ప్రభువు కొలువులో చేరి, కౌంట్ రంఫర్డు అను బిరుదు పొందెను. ఫిరంగి గొట్టములను తొలుచునపుడు అంతులేకుండ వేడి పుట్టుటను గమనించి, ఉష్ణము ఒక పదార్థము కాదు, అది ఒక విధమైన చలనమని 1798లో వాదించినవాడు ఇతడే. భౌతికశాస్త్ర పాఠములలో ఈ ప్రయోగము నేటికిని కనబడును.

అదే రంఫర్డు మ్యూనిక్ నగరములో 1790లో బీదలకు పని కల్పించు శాలను నెలకొల్పెను. అచ్చట దినదినము వందల కొలది జనులకు వండి పెట్టవలసి వచ్చెను. కట్టెల ఖర్చు తగ్గించుటకు ఆయన బాహాటముగా మండు నిప్పును ఇటుకలతో మూసెను. ఒక్కొక్క గిన్నెకు ప్రత్యేకముగా చిన్న నిప్పుగూడు అమర్చి, గిన్నెను ఇటుకల కట్టులోనికి దింపెను. మంట గిన్నె చుట్టు తిరిగి పోవునట్లును, బూడిద గూటి తలుపుతో గాలిని హెచ్చించుటకు, తగ్గించుటకు వీలగునట్లును చేసెను. ఇటుకలు వేడిని సులభముగా బయటికి పోనీయవు. పొగ గొట్టము ద్వారా పైకి పోయెను. కట్టెల ఖర్చు ఎంతయో తగ్గెను.

మంచి పొయ్యికి కావలసిన సూత్రములు దాదాపు అన్నియు ఇందులో కలవు. అయినను ఇది పెద్ద వంటశాలకు తగినట్లు చిన్న ఇంటికి తగలేదు. ప్రతి గిన్నెకును దానికి సరిపోవు కన్నము కావలెను. కట్టిన పొయ్యిని కదల్చుటకు వీలులేదు. ఈ చిక్కు తరువాత హైదరాబాదులో మరల ఎదురయ్యెను.

హైదరాబాదు పొగలేని పొయ్యి

మన దేశమున పల్లెటూరి పొయ్యిని సంస్కరించు ప్రయత్నములు స్వాతంత్ర్య కాలమున ఊపందుకొన్నవి. వార్ధాలోని మగన్‌వాడీలో గ్రామ పరిశ్రమల కార్యకర్తలు 1947 ప్రాంతములో మగన్ చుల్హా అను పొయ్యిని రూపొందించిరి. దాదాపు ఆ కాలముననే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో డాక్టరు ఎస్. పి. రాజుగారు ఈ పనికి పూనుకొనిరి. ఇంజనీరింగు పనుల కొరకు ఏర్పడిన పరిశోధనాలయమున మట్టిపొయ్యి పరిశోధనాంశమగుట ఆ రోజులలో వింతయే. ఆయన 1953లో ప్రకటించిన చిన్న పుస్తకము పేరు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’. కోట్లాది ప్రజలకు పొగలేని వంటయిండ్లు అని దాని భావము. ఆ పేరులోనే ఆయన ఆశయము స్పష్టమగుచున్నది. ఆ పొయ్యి ధనికుల ఇంటి ఇనుప పొయ్యి కాదు. ఊరి మట్టితోనే వేసికొన దగినది.

ఇట్టి పొయ్యి పనిచేయు తీరు సులభము. మూసిన మట్టిదిమ్మెలో ఒక చివర కట్టెలు పెట్టు నోరు, మరొక చివర పొగగొట్టము, నడుమ వరుసగా గిన్నెలకు కన్నములు ఉండును. గొట్టములోని వాయువులు వేడిగా ఉండుటచే బయటి గాలికంటె తేలికై పైకి లేచును. ఆ ఖాళీని పూరించుటకు చల్లని గాలి నిప్పునోటి గుండ లోనికి వచ్చును. కావున ఊదుగొట్టముతో ఊదనక్కరలేకయే నిప్పు రాజుకొనును. మొదటి కన్నముపై అన్నము, రెండవదానిపై పప్పు, చివరి సెగపై వేడినీళ్ళు ఒకే కట్టెల ఖర్చుతో సిద్ధమగును. పొగ ఇంటి కప్పు దాటి పోవును.

అయితే ఈ ఏర్పాటంతయు ఒక షరతుపై నిలిచియున్నది. గిన్నెలు కన్నములకు చక్కగా అతుకుకొని ఉండవలెను. ఒక కన్నమును ఖాళీగా వదలినచో దాని గుండ చల్లగాలి దూరి గొట్టము లాగు శక్తిని తగ్గించును. లేదా పొగయే గదిలోనికి వచ్చును. గొట్టమున మసి పేరుకొనకుండ తరచుగా తీయవలెను. మట్టి బీటలు వారినపుడెల్ల మెత్తవలెను. కట్టెలు సన్నగా చీల్చి, ఎండినవే పెట్టవలెను. పొయ్యిని వేసిన మేస్త్రి ఊరు దాటి పోయిన తరువాత ఈ పనులన్నియు ఇల్లాలి పాలబడును. ప్రయోగశాలలో గెలిచిన పొయ్యి వంటయింట ఓడుటకు ఇదియే కారణము.

పొగను తూచినవారు

హైదరాబాదు పొయ్యి వెలువడిన నాటికి పొగ కండ్లకు బాధ అని మాత్రమే ఎక్కువమంది తలచుచుండిరి. అది గుండెకును ఊపిరితిత్తులకును ఎంత హాని చేయునో తెలియుటకు మరికొంత కాలము పట్టెను. ఢిల్లీలో హృద్రోగ వైద్యురాలు డాక్టరు ఎస్. పద్మావతిగారు తమ సహచరునితో కలిసి, ఊపిరితిత్తుల వ్యాధి వలన గుండె కుడిభాగము దెబ్బతిను రోగమును గూర్చి 1959లో ఒక వ్యాసము ప్రకటించిరి. పొగత్రాగు అలవాటు అరుదుగా ఉన్న స్త్రీలలో కూడ ఆ రోగము ఎక్కువగా కనబడుట వారిని ఆలోచింపజేసెను. వారి దృష్టి వంటయింటి పొగపైకి మరలెను.

తరువాత అమెరికా శాస్త్రజ్ఞుడు కర్క్ స్మిత్ భారతీయ సహచరులతో గుజరాత్ పల్లెలకు వెళ్ళి, వంట చేయు స్త్రీలకే గాలిని పీల్చు చిన్న పరికరములను తగిలించి, వారు పీల్చు పొగను కొలిచెను. ఆ ఫలితములు 1983లో వెలువడినవి. ఫ్యాక్టరీల పొగ, బస్సుల పొగ మాత్రమే వాయుకాలుష్యమని తలచిన లోకమునకు, వంటయింటి లోపలి గాలి పెద్ద నగరపు వీధి గాలికంటె అనేక రెట్లు చెడ్డదని అప్పుడు తెలియవచ్చెను. ఇంటిలోని పొగ కారణముగా 2020లో ప్రపంచమున ఇంచుమించు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

భారత ప్రభుత్వము 1983లో మెరుగైన పొయ్యిల కొరకు జాతీయ కార్యక్రమమును ఆరంభించెను. సుమారు రెండు దశాబ్దములలో 3.5 కోట్లకు దగ్గరగా పొయ్యిలు పంచబడినవి. కాని వేసిన పొయ్యిల లెక్క వేరు, వాడుకలో మిగిలిన పొయ్యిల లెక్క వేరు. ఒడిశాలో రెమా హానా, ఎస్తేర్ దుఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు సుమారు 2,600 కుటుంబములలో జరిపిన పరిశీలన ఈ తేడాను స్పష్టముగా చూపినది. 2016లో అచ్చైన వారి వ్యాసము ప్రకారము, గొట్టపు పొయ్యి వేసిన మొదటి సంవత్సరము స్త్రీలు పీల్చు పొగ తగ్గెను. తరువాతి సంవత్సరములలో ఆ లాభము నిలువలేదు. పొయ్యిలను క్రమముగా వాడలేదు, చెడినవానిని బాగుచేసికొనలేదు. ఇది ఇల్లాండ్ర అజ్ఞానమనుట అన్యాయము. అన్ని పనుల నడుమ పొయ్యికి చాకిరి చేయు తీరిక వారికి ఉన్నదా యని ముందు అడుగని పొయ్యి రూపకర్తల లోపమే అది.

నీలిమంట

పొగ సమస్యకు మరొక దారి ఇంధనమునే మార్చుట. ఇంగ్లండులోని నార్తాంప్టన్ నగర గ్యాసు కర్మాగారమున పనిచేసిన జేమ్స్ షార్ప్ 1826లో బొగ్గు గ్యాసుతో వంట చేయు పొయ్యిని తయారుచేసెను. కాని ఆనాటి గ్యాసు మంట దీపము వలె పసుపు పచ్చగా ఉండి మసి కక్కెడిది. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బున్సెన్ ప్రయోగశాలలో 1855 నాటికి రూపొందిన బర్నరు ఈ చిక్కు విప్పినది. అందులో గ్యాసు మండక ముందే గాలితో కలియును. కర్బనపు అణువులకు కావలసిన ఆమ్లజని వెంటనే దొరకుటచే మసి పుట్టక మంట నీలముగా మారును. పాఠశాల ప్రయోగశాలలోని బున్సెన్ దీపమును, ఇంటి గ్యాసు స్టవ్వును పక్కపక్కన పెట్టి చూచిన విద్యార్థికి రెండింటి క్రిందను గాలి దూరుటకు కన్నములు కనబడును. గ్యాసు మంట పసుపురంగు తిరిగి గిన్నె అడుగు నల్లబడినచో గాలిదారి మూసికొన్నదనియో, బర్నరు శుభ్రముగా లేదనియో గ్రహింపవలెను.

స్వీడన్ దేశీయుడు ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో కనిపెట్టిన ప్రైమస్ స్టవ్వు ఇదే సూత్రమును కిరసనాయిలుకు వర్తింపజేసెను. పంపు కొట్టగా నూనె పైకి లేచి, వేడెక్కిన గొట్టములో ఆవిరియై, సన్నని కన్నము గుండ చిమ్ముచు గాలితో కలిసి నీలిమంటగా మండును. గొట్టము ముందుగా వేడెక్కుటకు స్పిరిటు వెలిగించుట, కన్నము మూసికొన్నపుడు పిన్నుతో పొడుచుట, చెవులు గడియలు పడునట్లు దాని హోరు, ఇవన్నియు ఒక తరము తెలుగు ఇండ్లకు సుపరిచితములు. కట్టెల పొగ తప్పినది గాని, ఒత్తిడిలో ఉన్న నూనె పేలి బట్టలకు అంటుకొను భయము దానితో వచ్చెను. వత్తుల స్టవ్వులో ఆ పేలుడు భయము తక్కువ. వాసన, మసి ఎక్కువ.

ఇంతలో పెట్రోలునుండి ఆవిరియై పోవు వాయువులను 1910 ప్రాంతములో పరిశోధించిన అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు వాల్టర్ స్నెల్లింగ్, వానిలోని ప్రోపేను, బ్యూటేనులను ఒత్తిడిచే ద్రవముగా మార్చి సిలిండరులలో నింపవచ్చునని చూపెను. మన దేశమున ఈ గ్యాసు 1955లో బొంబాయిలో వంటకు అమ్మకమునకు వచ్చెను. ఇండియన్ ఆయిల్ సంస్థ తన ఇండేన్ గ్యాసును 1965లో కలకత్తాలో ఆరంభించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆరంభమైన దీపం పథకము ద్వారా మహిళా సంఘముల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు లభించినవి. 2016లో ఆరంభమైన ఉజ్జ్వల పథకము క్రింద 2019 సెప్టెంబరు నాటికి దేశమున 8 కోట్ల కనెక్షన్లు ఇయ్యబడినవి.

ఈ మార్పుతో వంట కూర్చుండి చేయు పని పోయి, గట్టు ముందు నిలుచుండి చేయు పని అయినది. దూలములు తెల్లబడినవి. అయినను మూడవ లెక్క మరల ఎదురైనది. మొదటి సిలిండరు వచ్చుట ఒకటి, ఖాళీ అయినపుడు రెండవదానికి డబ్బు సిద్ధముగా ఉండుట మరొకటి. కూలి దినదినము దొరకు ఇంట సిలిండరు ధర ఒక్కసారిగా చెల్లించుట కష్టము. అందుచేత అనేక పల్లె ఇండ్లలో గ్యాసు స్టవ్వు అతిథులకును కాఫీకిని, పెరటి కట్టెలపొయ్యి అన్నమునకును నీళ్ళకును వాడబడుచున్నవి.

మంట లేని పొయ్యి

1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనములో విద్యుత్ వంటయింటిని ప్రజలు వింతగా చూచిరి. కాని ఎర్రగా కాగిన తీగ గాలిలో త్వరగా తుప్పు పట్టి తెగిపోయెడిది. అమెరికా లోహశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ మార్ష్ నికెలు, క్రోమియములను కలిపి చేసిన మిశ్రలోహమునకు 1906లో పేటెంటు పొందిన తరువాతనే కాయిలు స్టవ్వు నిలకడగా పనిచేసెను. దానిపై ఏర్పడు క్రోమియము ఆక్సైడు పొర తీగను కాపాడును.

ఇండక్షన్ స్టవ్వు దీనికంటె భిన్నమైనది. మారుచున్న అయస్కాంత క్షేత్రము తీగచుట్టలో విద్యుత్తును పుట్టించునని మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. ఇండక్షన్ స్టవ్వులోని గాజుపలక క్రింద రాగి తీగచుట్ట ఉండును. దానిలో విద్యుత్తు సెకనుకు ఇరువది వేలకు పైగా మారులు దిశ మారును. ఆ క్షేత్రము పైనున్న గిన్నె అడుగులో సుడిప్రవాహములను పుట్టించగా గిన్నెయే స్వయముగా వేడెక్కును. అనగా ఇచ్చట పొయ్యి గిన్నెను కాల్చుటలేదు. గిన్నెయే పొయ్యి అగుచున్నది. వెస్టింగ్‌హౌస్ సంస్థ 1971లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున దీనిని ప్రదర్శించెను. గృహోపయోగముగా ఇది వ్యాపించుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినవి.

దీనికి తగిన గిన్నె అడుగు సమతలముగాను, అయస్కాంతమునకు అంటుకొనునట్టి ఇనుము లేక ఉక్కుతోను చేసినదై ఉండవలెను. చిన్న అయస్కాంతమును గిన్నె అడుగున పెట్టి చూచుటయే పరీక్ష. సాధారణమైన అల్యూమినియము దబరా, ఇత్తడి గుండిగ, మట్టికుండ దీనిపై పనికిరావు. గుండ్రని అడుగుగల బాణలియు అంతే. 2,000 వాట్ల స్టవ్వు 230 వోల్టులపై దాదాపు 9 ఆంపియర్ల ప్రవాహమును తీసికొనును. కావున దీపములకును ఫ్యానులకును వేసిన 5 ఆంపియర్ల ప్లగ్గులో దానిని పెట్టరాదు.

లెక్క వేసి చూచుట

ఈ పొయ్యిలను ఒకే కొలతతో పోల్చవచ్చును. 30 డిగ్రీల సెంటీగ్రేడులో ఉన్న ఒక లీటరు నీటిని 100 డిగ్రీలకు తెచ్చుటకు 70 కిలో కెలొరీల ఉష్ణము కావలెను. ఎండిన కట్టె కిలోకు సుమారు 3,800, కిరసనాయిలు కిలోకు 10,300, వంటగ్యాసు కిలోకు 10,900 కిలో కెలొరీలను ఇచ్చును. ఒక యూనిటు విద్యుత్తు 860 కిలో కెలొరీలకు సమానము.

మూడు రాళ్ళ పొయ్యి సామర్థ్యమును నూటికి 12 అనుకొనినచో ఆ లీటరు నీటికి సుమారు 150 గ్రాముల కట్టె కావలెను. నూటికి 55 సామర్థ్యముగల కిరసనాయిలు స్టవ్వుకు 12 గ్రాముల నూనె చాలును. గ్యాసు స్టవ్వుకు భారతీయ ప్రమాణము విధించిన కనీస సామర్థ్యము నూటికి 68. ఆ లెక్కన 9.4 గ్రాముల గ్యాసు సరిపోవును. ఇండక్షన్ స్టవ్వు సామర్థ్యమును 85గా తీసికొన్నచో యూనిటులో దాదాపు పదవ వంతు ఖర్చగును.

దీనినుండి ఇంటికి పనికివచ్చు ఒక సూత్రము లభించును. 14.2 కిలోల గ్యాసు సిలిండరు చేయు పనిని ఇండక్షన్ స్టవ్వు సుమారు 144 యూనిట్లతో చేయును. కావున సిలిండరు ధరను 144 చేత భాగింపవలెను. వచ్చిన మొత్తముకంటె తమ ఇంటి యూనిటు ధర తక్కువైనచో విద్యుత్తు చౌక. ఎక్కువైనచో గ్యాసు చౌక. ధరలు మారినను ఈ భాగహారము మారదు. అదే పనికి మూడు రాళ్ళ పొయ్యిలో సుమారు 230 కిలోల కట్టె కాలును. కట్టె ఊరక దొరకినదని తలచు ఇంట, ఆ 230 కిలోలను ఏరి, మోసి తెచ్చిన స్త్రీల శ్రమను ఎవరును లెక్క వేయరు.

రెండవ లెక్కను కూడ మరువరాదు. బొగ్గుతో నడుచు విద్యుత్ కేంద్రమున బొగ్గులోని వేడిలో దాదాపు మూడింట ఒక వంతే విద్యుత్తుగా మారును. కావున ఇండక్షన్ స్టవ్వు పొగను పూర్తిగా పోగొట్టినదనరాదు; వంటయింటినుండి దూరమునకు పంపినది. వండువారి ఊపిరికి అది గొప్ప మేలు. సూర్యకాంతినుండి, నీటినుండి పుట్టు విద్యుత్తు పెరిగిన కొలది ఆ దూరపు పొగయు తగ్గును.

ఏ ఇంటికి ఏది?

అన్ని ఇండ్లకు తగు ఒకే పొయ్యి లేదని ఈ చరిత్ర తెలుపుచున్నది. విద్యుత్తు నిలకడగా ఉండి, చదునైన ఉక్కు గిన్నెలున్న ఇంట నీళ్ళు, పాలు, అన్నము, పప్పు వంటివానికి ఇండక్షన్ తగినది. పుల్కాలు కాల్చుటకును, పచ్చడికి వంకాయ కాల్చుటకును, పెద్ద బాణలిలో వేపుళ్ళకును మంటయే కావలెను. అచ్చట గ్యాసు మేలు. దాలి, కుంపటి, కట్టెలపొయ్యి అని పూర్వులు పనిని బట్టి నిప్పును పంచుకొన్నట్లే, నేటి ఇల్లు గ్యాసును, విద్యుత్తును పంచుకొనవచ్చును. విద్యుత్తు పోయిన పూట గ్యాసు, సిలిండరు అయిపోయిన పూట విద్యుత్తు ఆదుకొనును. గ్యాసు గాలికంటె బరువైనది; కారినచో నేలబారున నిలుచును. కావున సిలిండరును నిలువుగా, స్టవ్వుకంటె దిగువను ఉంచి, క్రిందుగా గాలి ఆడు దారి ఉండునట్లు చూచుకొనవలెను. నీలిమంటకు కూడ కిటికీ తెరచియుండుట అవసరము.

కట్టెలు తప్ప వేరు గతి లేని ఇంట పొగగొట్టముగల పొయ్యి ఇప్పటికిని మేలే. కాని దానిని కట్టిచ్చువారు గొట్టము శుభ్రపరచు బాధ్యత ఎవరిదో ఆనాడే నిర్ణయింపవలెను. గ్యాసు ఉన్న ఇంట సయితము పూటకొకసారి గదిలో కట్టెలపొయ్యి వెలిగించినచో గాలి శుద్ధి కాదు. క్రొత్త పొయ్యి వచ్చుటచే గాక, పాత పొయ్యి పొగ లోపల ఆగిపోవుటచేతనే ఆరోగ్యము కలుగును.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలో ప్రయోగముగా చేయించవచ్చును. ఒక లీటరు నీరు, ఒక ఉష్ణమాపకము, ఒక గడియారము ఉన్న చాలును. ఇండక్షన్ స్టవ్వును 1,000 వాట్ల వద్ద నడిపి నీరు ఎన్ని నిమిషములలో 80 డిగ్రీలకు వచ్చునో కొలువవలెను. వాట్లను సెకనులతో గుణించగా వచ్చినది స్టవ్వు తీసికొన్న శక్తి. నీరు పొందిన ఉష్ణము దానిలో నూటికి ఎంతయో అదే సామర్థ్యము. అంకెలు చేతికి వచ్చిన తరువాత విద్యార్థులు తమ ఇంటి వంటయింటికి పోయి, పై కప్పు రంగును చూచి, వండువారిని రెండు ప్రశ్నలు అడుగవలెను: ఈ పొయ్యి వెలిగించినపుడు కండ్లు మండునా? ఇది చెడినపుడు బాగుచేయువారు ఎవరు? ఉష్ణమాపకము చెప్పలేని సమాధానము ఆ ఇద్దరి సంభాషణలో దొరకును.